ధమని గోడను కాల్షియం నుంచి కాపాడే ప్రోటీన్, దానికి కావలసిన విటమిన్ కె

తెరపై కనిపిస్తున్నది వయసు మళ్లిన ఒక వ్యక్తి కాలి ఎక్స్‌రే. ఎముక పక్కనే రైలు పట్టాల్లా సమాంతరంగా సాగిన ఈ రెండు సన్నని తెల్లటి గీతలను గమనించండి. ధమని గోడ మధ్య పొరలో పేరుకున్న కాల్షియం ఫాస్ఫేట్ ఇలా కనిపిస్తోంది. ఇది కొవ్వు పేరుకుని రక్తనాళం పూడుకుపోవడం కాదు. గోడే సాగే గుణం కోల్పోయి గట్టిపడుతుంది.

కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ పుట్టినప్పటి నుంచీ మన రక్తంలో ఉన్నవే కదా, మరి చిన్న వయసులో ధమనులు ఎందుకు గట్టిపడవు? ధమని గోడలోని నునుపు కండర కణాలు మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ అనే చిన్న ప్రోటీన్‌ను తయారుచేసుకుంటూ ఆ పేరుకోవడాన్ని అడ్డుకుంటాయి. 1997లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ ప్రోటీన్ జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలు, ధమనులు కాల్షియంతో నిండి చిట్లిపోవడం వల్ల, రెండు నెలల లోపే చనిపోయాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 84 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీన్‌లో ఐదు గ్లుటామిక్ ఆమ్లాలకు కార్బాక్సిల్ అనే చిన్న రసాయన సమూహం ఒక్కొక్కటి అదనంగా చేరితేనే అది కాల్షియంను పట్టుకోగలదు. ఆ సమూహాన్ని చేర్చే ఎంజైమ్ విటమిన్ కె లేకుండా పనిచేయదు. ఒకసారి వాడుకున్న విటమిన్‌ను శరీరం తిరిగి పనికొచ్చే రూపంలోకి మార్చుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు అడ్డుకునేది సరిగ్గా ఈ మార్పునే. రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని ప్రోటీన్లకూ, కాలేయంలో తయారయ్యేటప్పుడు, ఇదే విటమిన్ కావాలి. అందుకే ఆ మందు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తూనే ధమనిలోని ఈ ప్రోటీన్‌నూ అసంపూర్ణంగా మిగులుస్తుంది. ఆహారం ద్వారా వచ్చే విటమిన్ కెను ముందుగా కాలేయం వాడుకుంటుంది కాబట్టి, రక్తం గడ్డకట్టే పరీక్ష సక్రమంగా వచ్చినంత మాత్రాన ధమనులకు కావలసినంత విటమిన్ అందుతోందని చెప్పలేము.

అయితే విటమిన్ కెలో ఒక రకమైన కె2 మాత్రలు వేసుకుంటే పేరుకున్న కాల్షియం కరిగిపోతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. డెన్మార్క్‌లో 65 నుంచి 74 ఏళ్ల పురుషులకు రెండేళ్లపాటు రోజూ 720 మైక్రోగ్రాముల కె2ను, విటమిన్ డితో కలిపి ఇచ్చి చూశారు. రక్తంలో అసంపూర్ణ ప్రోటీన్ తగ్గింది గానీ, గుండెలోని బృహద్ధమని కవాటంలో కాల్షియం పేరుకునే వేగం మాత్రం తగ్గలేదని 2022లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో మరో రకమైన విటమిన్ కె1 పుష్కలంగా ఉంటుంది, కొద్దిగా నూనెతో వండుకుంటే ఒంటికి బాగా పడుతుంది. వార్ఫరిన్ గానీ, మన వైద్యులు తరచూ రాసే, అదే కోవకు చెందిన అసిట్రోమ్ గానీ వాడుతున్నవారు మాత్రం ఆకుకూరల మోతాదును ఉన్నట్టుండి పెంచవద్దు, తగ్గించవద్దు. వైద్యుణ్ని అడగకుండా కె2 మాత్రలు అసలే మొదలుపెట్టవద్దు.