వాల్టర్ ప్లౌరైట్: పశువుల మహమ్మారి వెంట నడిచిన పాథాలజిస్టు

సభకు నమస్కారం.

పశువైద్యంలో పాథాలజిస్టుకు, అంటే చనిపోయిన పశువును కోసి జబ్బు ఆనవాళ్లు వెతికేవాడికి, పేరు రావడం అరుదు. పశువు బతికితే ఆ ఘనత సూదిమందు వేసిన డాక్టరుది. చనిపోయాక గానీ మా పని మొదలు కాదు. అయినా, ఈ శవపరీక్షల బల్ల దగ్గర అలవడిన చూపుతోనే ఒక మనిషి రిండర్‌పెస్ట్ అనే పశువ్యాధి భూమి మీద లేకుండా పోవడానికి దారి వేశాడు. ఆయన వాల్టర్ ప్లౌరైట్. 1923లో ఇంగ్లాండులోని లింకన్‌షైర్‌లో పుట్టి, 1944లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ నుంచి పట్టా పుచ్చుకుని, కొంతకాలం సైన్యంలోని పశువైద్య విభాగంలో పనిచేసి, 1950లో కెన్యా ప్రభుత్వ పశువైద్య సేవలో చేరారు. మధ్యలో నైజీరియాలో పనిచేసినా, ఆయన ముఖ్యమైన పరిశోధనంతా 1956 తరువాత నైరోబీ దగ్గరి ముగుగా కేంద్రంలో జరిగింది.

రిండర్‌పెస్ట్ ఎంత చేటు చేసిందో నేటి విద్యార్థులకు ఊహకందదు. 1880ల చివర ఎర్ర సముద్ర తీరాన ఆఫ్రికాలో అడుగుపెట్టిన ఆ వ్యాధి దాదాపు పదేళ్లలో ఖండం దక్షిణ కొస దాకా పాకింది. ఇథియోపియాలో దుక్కిటెడ్లు చచ్చి పొలాలు బీడుపడగా, 1888లో మొదలైన కరువు ఆ దేశాన్ని కుదిపేసింది. ఈ వ్యాధితో చనిపోయిన పశువు నోరు తెరిస్తే చిగుళ్ల మీద, నాలుక అడుగున తెల్లటి పొర చెదిరి ఊడివస్తూ, కింద ఎర్రటి పచ్చిపుండ్లు కనిపిస్తాయి. పేగు గోడలోని పేయర్ మచ్చలు, అంటే రోగనిరోధక కణాల గుంపులు, చచ్చి నల్లబడి ఉంటాయి. పెద్దపేగు చివర ముడతల అంచుల వెంబడి రక్తం నిండి వరుసగా గీతలు కడతాయి. వీటినే మేము జీబ్రా చారలంటాం. వైరస్ ముందు శరీర రక్షణనే దెబ్బతీస్తుందని ఆ పేగే చెబుతుంది.

టీకాలు అప్పటికే లేకపోలేదు. 1920లలో మన ముక్తేశ్వర్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను మేక నుంచి మేకకు ఎక్కిస్తూ బలహీనపరిచారు. అది కోట్ల పశువులను కాపాడింది గానీ, కొన్ని జాతులకు ఆ టీకాయే జబ్బుగా పరిణమించేది. మేక కణజాలంతో తయారయ్యేది కనుక వేరే సూక్ష్మజీవులు కలిసివచ్చే భయమూ ఉండేది. ప్లౌరైట్, ఆయన సహచరుడు ఫెరిస్ కలిసి, జంతువును పక్కన పెట్టి, గాజుపాత్రలో పెంచిన దూడ మూత్రపిండ కణాల్లోకి కబేటే ఓ అనే వైరస్ రకాన్ని ప్రవేశపెట్టారు. కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పలు కేంద్రకాలున్న పెద్ద కణాలుగా మారుతుంటే వైరస్ పెరుగుతున్నట్టు లెక్క. అలా పెరిగినదాన్ని కొత్త కణాల్లోకి, అక్కడి నుంచి మరో తరం కణాల్లోకి సుమారు 90 సార్లు మార్చారు.

90 సార్లు అని పలకడం తేలిక. ఒక్కసారి కణాలు కలుషితమైతే ఆ దశ మళ్లీ చేసుకోవాలి. వైరస్ మెత్తబడిందో లేదో పశువుకు ఎక్కించి చూస్తే తప్ప తేలదు. ఇది మెరుపు లాంటి ఆలోచనతో అయ్యే పని కాదు. ప్రతిభ అంటే ఈ ఓపికే అని నా అభిప్రాయం. 1960ల తొలి ఏళ్లలో సిద్ధమైన ఆ టీకా ఏ వయసు పశువుకైనా, ఏ జాతికైనా హాని చేయకుండా, ఒక్క మోతాదుతో జీవితకాలం నిలిచే రక్షణ ఇచ్చింది. చల్లదనం తప్పితే చెడిపోవడం దాని లోపం. ఎండను తట్టుకునే రూపం తరువాతి తరం శాస్త్రవేత్తలు అదే వైరస్‌తో తయారుచేశారు.

ప్లౌరైట్ టీకాతో ఆగి ఉంటే ఆయన గురించి ఇంత చెప్పేవాణ్ణి కాదు. వ్యాధి కనిపించని రోజుల్లో వైరస్ ఎక్కడుంటుంది అన్నదే ఆయన్ను వదలని ప్రశ్న. వైల్డ్‌బీస్టులు, అంటే ఆఫ్రికా గడ్డిమైదానాల్లో మందలుగా తిరిగే అడవిజంతువులు, ఈనే కాలంలో వాటి దగ్గర మేపితే ఆవులు చస్తాయని మసాయి పశుపాలకులకు ముందే తెలుసు. ఆవులను అలా చంపే ప్రాణాంతక క్యాటరల్ జ్వరం అనే జబ్బును కలిగించే వైరస్ వైల్డ్‌బీస్టులో నిశ్శబ్దంగా ఉంటుందని 1960లో ప్లౌరైట్ బృందం నిరూపించింది. పశుపాలకుల మాటను కొట్టిపారేయని శాస్త్రవేత్తలు ఆనాటి వలస ప్రభుత్వాల్లో ఎక్కువమంది లేరు. తరువాత 1969లో, టాంజానియాలో అడవిజంతువుల బొరియల నుంచి పట్టిన పిడుదుల్లో పందులకు వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఆయన బృందానికి దొరికింది.

రిండర్‌పెస్ట్ విషయంలో జవాబు ఇందుకు విరుద్ధం. టాంజానియాలోని సెరెంగెటి మైదానాల చుట్టుపక్కల ఆవులకు టీకాలు పడ్డాక, వైల్డ్‌బీస్టుల్లోనూ ఆ వ్యాధి ఆగిపోయింది. 1960ల మొదట్లో రెండున్నర లక్షలుండే వాటి సంఖ్య 1970ల చివరికి పది లక్షలు దాటింది. వైరస్‌ను నిలబెడుతున్నది అడవి కాదు, మందలే. ఈ సంగతి తేలకపోతే నిర్మూలన అన్న మాట ఎత్తడానికే ఎవరూ సాహసించేవారు కారు.

ఆ తరువాత ఆయన ఇంగ్లాండుకు తిరిగివెళ్లి బోధన, పరిశోధన కొనసాగించారు. 1981లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1999లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ లభించాయి. భారతదేశంలో చివరి కేసు 1995లో, ప్రపంచంలో చివరిది 2001లో కెన్యాలో నమోదయ్యాయి. 2010 ఫిబ్రవరిలో ప్లౌరైట్ కన్నుమూశారు. మశూచి తరువాత నిర్మూలమైన రెండో వ్యాధిగా రిండర్‌పెస్ట్‌ను ప్రకటించింది 2011లో. ఇప్పుడు ఆ వైరస్ అనుమతి పొందిన కొద్ది ప్రయోగశాలల్లో మాత్రమే మిగిలింది. పొరపాటున బయటపడితే వాడటానికి టీకా నిల్వలనూ ఉంచారు.