ఐర్లండ్, 1916: ఒకే సోమవారం, రెండు తెగింపులు

[డబ్లిన్ పోస్టాఫీసు పాత ఫోటో]

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. సెలవు కదా, డబ్లిన్‌లోని బ్రిటిష్ సైనికాధికారులు చాలామంది గుర్రప్పందాలకు పోయారు. మధ్యాహ్నం ప్యాట్రిక్ పియర్స్ అనే బడిపంతులు జనరల్ పోస్టాఫీసు ముందు నిలబడి ఒక కాగితం చదివాడు. ఇకనుంచి ఐర్లండ్ స్వతంత్ర రిపబ్లిక్ అట! రోడ్డుమీద జనం పెద్దగా స్పందించలేదు.

[అంటార్కిటిక్ మ్యాప్]

సరిగ్గా అదే రోజు, భూగోళం అట్టడుగున ఎలిఫెంట్ దీవిలో చిక్కుకుపోయిన ఒక అన్వేషక బృందం నుంచి ఆరుగురు ఒక చిన్న పడవలో సహాయం కోసం బయల్దేరారు. నాయకుడు షాకిల్టన్ పుట్టింది ఐర్లండ్‌లోని కిల్డేర్‌లో. తోడు ఐర్లండ్‌లోనే కెర్రీ ప్రాంతంవాడు టామ్ క్రీన్. దీవిలో మిగిలిన 22 మందీ ఆగస్టు 30న ప్రాణాలతో బయటపడ్డారు. దీనికి వేరే వీడియో కావాలి, డబ్లిన్‌కే వెళ్దాం.

[సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కు]

పియర్స్ ప్రకటనతో బ్రిటిష్ సైన్యానికీ తిరుగుబాటువాళ్లకీ పోరు మొదలైంది. ఈ పార్కులో రోజూ కాసేపు రెండు వైపులా కాల్పులు ఆపేవారు. ఎందుకంటే, కాపలాదారు బాతులకు మేత వెయ్యాలి! నవ్వొస్తుంది గానీ, ఆ వారం పోరులో 480 మందికి పైగా పోయారు. అందులో సగానికి పైగా మామూలు జనమే. అందుకే లొంగిపోయినవాళ్లను సైనికులు నడిపించుకెళ్తుంటే డబ్లిన్‌వాళ్లే కొందరు తిట్టిపోశారు.

కథ మలుపు తిరిగింది ఆ తర్వాత.

[కిల్మైన్‌హం జైలు ఆవరణ]

మే 3 నుంచి 12 దాకా, తెల్లవారుజామున, విడతలు విడతలుగా ఇక్కడ తిరుగుబాటువాళ్లు 14 మందిని కాల్చి చంపారు. వాళ్లలో ఒకడైన జోసెఫ్ ప్లంకెట్‌కి మే 3 రాత్రి జైలు ప్రార్థనాలయంలోనే గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్లయింది. తెల్లారేసరికి అతను లేడు. గ్రేస్ బావ థామస్ మెక్‌డోనాని అంతకు ముందురోజు ఉదయమే కాల్చేశారు. జేమ్స్ కనోలీ గాయపడిన కాలితో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి మరీ కాల్చారు. ఒక్కో వార్తా వస్తుంటే, మొన్న తిట్టినవాళ్లే ఇళ్లలో వీళ్ల ఫోటోలు పెట్టుకున్నారు. నన్నడిగితే, తిరుగుబాటుని గెలిపించింది ఆ శిక్షలు వేసిన జనరల్ మాక్స్‌వెలే.

ఇంకొక్క మాట. మెక్‌డోనా యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆ కాలేజీలోనే లా చదువుతున్నాడు బరంపురం నుంచి వెళ్లిన ఒక తెలుగు కుర్రాడు. తిరుగుబాటువాళ్లతో సంబంధం ఉందన్న అనుమానంతో అదే ఏడాది అతన్ని ఐర్లండ్ వదిలి పొమ్మన్నారు.

[1969 రాష్ట్రపతి భవన్ ఫోటో]

ఆయనే వి.వి. గిరిగారు.