సెంటు వద్దన్న కార్యాలయంలో చెమట మాటేమిటి?

[తెరపై: ఋషికొండ ఐటీ కొండ ఎక్కుతున్న బస్సు]

వేసవిలో గాజువాక నుంచి ఋషికొండ దాకా బస్సులో వచ్చే ఉద్యోగి కార్యాలయం చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల విశాఖలో చెమట త్వరగా ఆరదు. ఇటువంటి ఊరిలో ‘ఇక్కడ సెంటు, బాడీ స్ప్రే వాడరాదు’ అని నియమం పెడితే, ‘అయితే చెమట వాసనతో కూర్చోమంటారా?’ అని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ దానికి సెంటు ఒక్కటే జవాబు కాదు.

[తెరపై: సెంటు సీసా, ఎగసే ఆవిరి బొమ్మ]

కొలోన్ అనే తేలికపాటి సెంటులో సుగంధ ద్రవ్యాల వాటా సుమారు 2 నుంచి 5 శాతం; ‘ఓ ద పర్ఫ్యూమ్’ అని రాసి ఉండే సీసాలో 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. మిగిలినది ప్రధానంగా ఆల్కహాలు. అది నిమిషాల్లో ఆవిరైపోతుంది, నిమ్మ, నారింజ వంటి తేలిక వాసనలు దాని వెనుకే సాగిపోతాయి, కస్తూరి, చందనం వంటి బరువైనవి మాత్రం సాయంత్రం దాకా బట్టలను వదలవు. పూసుకున్నవారికి ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ముక్కు ఒకే వాసనకు కొద్దిసేపట్లోనే అలవాటు పడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే వాసన పోయిందనుకుని మధ్యాహ్న భోజనం తరువాత మళ్లీ రెండుసార్లు కొట్టుకునేవారు ప్రతి కార్యాలయంలోనూ కనిపిస్తారు. ‘నేను కొంచెమే వాడతాను’ అనే మాట నమ్మదగిన కొలత కాకపోవడానికి కారణం ఇదే.

దీనికి ఏసీ తోడవుతుంది. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. కిటికీలు మూసిన గదిలో ఒకరి చొక్కా మీది సెంటును అందరూ పంచుకోవలసి వస్తుంది. చాలామందికి దానివల్ల ఇబ్బంది ఉండదు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి మాత్రం ఛాతీ బిగుసుకుని దగ్గు మొదలవుతుంది. మైగ్రేన్ ఉన్నవారిలో కొందరికి ఘాటైన వాసనే తలనొప్పిని రేపుతుంది. ఇది చాలావరకు అలర్జీ కాదు, శ్వాసనాళాలకూ నాడులకూ కలిగే చికాకు. కాబట్టి అలర్జీ పరీక్షలో ఏమీ తేలలేదని చెప్పి ఆ బాధను కొట్టిపారేయడం తగదు.

[తెరపై: ప్రపంచ పటం, అమెరికా]

అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2009లో తన కార్యాలయాలకు ఇటువంటి విధానాన్ని రూపొందించి, అగరుబత్తీలను, సువాసన కొవ్వొత్తులను, గదుల్లో పెట్టే ఎయిర్ ఫ్రెషనర్లను నిషేధించింది, ఉద్యోగులను వీలైనంతవరకు సుగంధాలు లేకుండా రమ్మని కోరింది. అక్కడి డెట్రాయిట్ నగరపాలక సంస్థపై ఒక మహిళా ఉద్యోగి, తన సహోద్యోగి సెంటు వల్ల ఊపిరాడడం లేదని వేసిన దావా 2010లో లక్ష డాలర్ల పరిహారంతో రాజీ అయింది. ఆ దేశపు సంస్థలకు విశాఖ నుంచి పనిచేసేవారు, రేపు అక్కడికే వెళ్లి పనిచేయబోయేవారు ఈ నియమాన్ని వింతగా చూడనక్కరలేదు. మందుల తయారీలోని శుభ్రగదుల్లోకి సౌందర్య సాధనాలు పూసుకుని వెళ్లకూడదన్న సంగతి పరవాడ ఫార్మా సిటీలో పనిచేసేవారికి ఎలాగూ తెలుసు.

ఇక మనకు ప్రత్యేకమైన చిక్కు: మల్లెపూల సంగతేమిటి? సహజమైనవి కదా, వాటితో ఏమవుతుందని అనుకోవడం సులభమే. అయితే మల్లె పరిమళంలో ఉండే లినలూల్ అనే పదార్థమే ఎన్నో సెంటు సీసాలలోనూ ఉంటుంది. అది పువ్వులోంచి వచ్చిందా, కర్మాగారంలోంచి వచ్చిందా అన్నది ముక్కుకు తెలియదు. అలాగని ఒక మూర మల్లెపూలను, మూసిన గదిలో కొట్టిన స్ప్రేను ఒకే గాట కట్టడం నా దృష్టిలో అతి. పక్కన కూర్చునేవారిని అడిగితే తేలిపోయే విషయమది. శుక్రవారం పూజకు వెలిగించే అగరుబత్తి, సాంబ్రాణి విషయంలో మాత్రం అంత ఉదారత కుదరదు, ఎందుకంటే అక్కడ వాసనతో పాటు పొగ కూడా ఉంటుంది.

[తెరపై: పటిక ముక్క, నూలు చొక్కా]

చెమటకు తనంతట తానుగా పెద్ద వాసన ఉండదు. చంకల్లోని చెమటను చర్మం మీది సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడే ఆ దుర్వాసన పుడుతుంది. సెంటు ఆ సూక్ష్మజీవులను వదిలేసి వాసనను కప్పుతుంది, ఫలితంగా రెండూ కలిసి మూడో వాసన తయారవుతుంది. స్నానం చేశాక చంకలను పూర్తిగా ఆరనిచ్చి తడిపిన పటికను రుద్దుకుంటే ఆ సూక్ష్మజీవుల జోరు తగ్గుతుంది. మంగలి షాపులో గడ్డం గీసిన తరువాత రాసేది ఇదే. చెమట పట్టడమే తగ్గాలంటే అల్యూమినియం లవణాలున్న యాంటీపర్స్పిరెంట్ వాడవచ్చు. కొనేటప్పుడు సీసా మీద ‘అన్‌సెంటెడ్’ అని ఉంటే సరిపోదు, అందులో అసలు వాసనను మరుగుపరచడానికి మరో సుగంధాన్ని కలిపి ఉండవచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్నదాన్ని ఎంచుకుని, పదార్థాల జాబితా కూడా చదవాలి. బస్సు ప్రయాణం తప్పనివారు సంచిలో ఒక పొడి నూలు చొక్కా పెట్టుకుని, కార్యాలయం చేరాక మార్చుకోవడం అన్నిటికన్నా తేలిక.

సహోద్యోగి సెంటుతో ఇబ్బంది పడుతున్నవారు ఆ మాటను వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. ‘మీ సెంటు బాగాలేదండీ’ అనడానికి, ‘ఈ వాసనకు నాకు తలనొప్పి వస్తోందండీ, కాస్త మానగలరా’ అని విడిగా అడగడానికి చాలా తేడా ఉంది. అలా అడిగినా ఫలితం లేకపోతే, వైద్యుడు రాసిచ్చిన చీటీతో హెచ్‌ఆర్ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేసి, సీటు మార్చమని గాని, కిటికీ ఉన్న గది ఇమ్మని గాని కోరవచ్చు.