నిదానంలోనే ఉంది అందం: షూమన్ వయొలిన్ కన్చెర్టో

సభకు నమస్కారం.

బీథోవెన్, మెండెల్‌సన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీల వయొలిన్ కన్చెర్టోలు, అంటే ఒక వయొలిన్ ముందు నిలిచి ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచనలు, ఎక్కడో ఒకచోట ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి. జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ రాసిన డి మైనర్ కన్చెర్టో మాత్రం అరుదు. వయొలిన్ విద్వాంసుడు గిడాన్ క్రేమర్ దాన్ని వాయించిన తీరు విన్నాక, ఆ నిర్లక్ష్యం ఎంత అన్యాయమో నాకు తెలిసివచ్చింది.

1853 శరదృతువులో, డ్యూసెల్‌డార్ఫ్‌లో, యువ వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిమ్ కోసం షూమన్ దీన్ని రాశారు. మరుసటి ఫిబ్రవరిలో ఆయన రైన్ నదిలో దూకారు. ప్రాణాలు దక్కినా, 1856లో ఎండెనిక్ మానసిక చికిత్సాలయంలో కన్నుమూశారు. ఆ విషాదమే ఈ రచనకు శాపమైంది. ఇందులో అలసిపోయిన మనసు కనిపిస్తోందన్నారు యోఆఖిమ్. షూమన్ భార్య క్లారా, బ్రామ్స్ కూడా దీన్ని ప్రచురించకపోవడమే మేలనుకున్నారు. చివరికి 1937 నవంబరులో, బెర్లిన్‌లో, నాజీల ప్రచార ఆర్భాటం మధ్య వయొలిన్ వాదకుడు గేయోర్గ్ కూలెన్‌కాంఫ్ తొలిసారి వినిపించారు, అదీ సోలో భాగాన్ని మార్చి. మరుసటి నెలలోనే యెహూదీ మెనుహిన్ అమెరికాలో అసలు పాఠాన్ని వాయించారు.

దీని మీద ఉన్న ఫిర్యాదుల్లో నిజం లేకపోలేదు. వయొలిన్ చాలాసేపు కింది తంతుల మీదే తిరుగుతుంది, ఆర్కెస్ట్రా కింద మునిగిపోయే ప్రమాదముంది. కష్టమంతా వాదకుడిదే, మెరుపు మాత్రం దక్కదు. క్రేమర్ ఆ మెరుపు కోసం వెంపర్లాడలేదు. నికొలాస్ హార్నన్‌కూర్ నిర్వహణలో ఛేంబర్ ఆర్కెస్ట్రా ఆఫ్ యూరప్‌తో చేసిన రికార్డింగులో ఆయన నాదం తీపిగా ఉండదు. కాస్త గరుకుగా, మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పెద్దగా వాయించి ఆర్కెస్ట్రాను దాటాలని చూడరు.

అసలు పరీక్ష మూడో భాగం. అది పొలొనేజ్ అనే పోలిష్ నృత్యపు నడక. షూమన్ మెట్రోనోమ్ గుర్తు నిమిషానికి 63 దెబ్బలు, అంటే చాలా నిదానం. చాలామంది ఆ అంకెను పక్కనపెట్టి వేగం పెంచుతారు. క్రేమర్, హార్నన్‌కూర్ ఇద్దరూ నిదానాన్నే నమ్ముకున్నారు. చౌకకాలంలో పాడిన కీర్తనలో ప్రతి గమకానికీ చోటు దొరికినట్టు, ఇక్కడ ప్రతి చిన్న స్వరానికీ ఊపిరి దొరికింది. వేగంగా వాయిస్తే హడావిడిగా, ఒకే లయను పట్టుకు వేలాడినట్టు వినిపించే సంగీతం ఠీవిగా నడిచింది. కొందరికి ఇది మరీ సాగదీసినట్టు అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ నడకలోనే రచన నిలబడినట్టు తోస్తుంది.

రెండో భాగం చిన్నది, కానీ నా మనసంతా దాని మీదే ఉంది. తాళం దెబ్బకు కాస్త పక్కగా పడే, చెల్లోలు (వయొలిన్ కుటుంబంలోని పెద్ద, మంద్ర వాద్యాలు) వాయించే రాగంతో మొదలవుతుంది. దాని మీద వయొలిన్ మెల్లగా ప్రవేశిస్తుంది. ఆ వయొలిన్ స్వరమాలకు పోలిక ఉన్న మరొకటి షూమన్‌కు 1854 ఫిబ్రవరిలో తోచింది. దాన్ని ఆత్మలే తనకు వినిపించాయని ఆయన నమ్మారు. ఈ కథను వాదకుడు కన్నీళ్లుగా మార్చడం తేలిక. క్రేమర్ ఆ పని చేయలేదు. కంపనం తగ్గించి, పల్చని కమాను ఒత్తిడితో, స్వరాన్ని ఉన్నదున్నట్టుగా వదిలారు.

ఇప్పుడు ఆ రెండో భాగాన్నీ, మూడో భాగాన్నీ కలిపి వినిపిస్తాను. మధ్యలో విరామం ఉండదు. షూమన్ అలాగే రాశారు. ఒకదాని నుంచి మరొకదానికి దాటేటప్పుడు క్రేమర్ కమానును గమనించండి.