బైపాస్‌కి ఏ రక్తనాళం? కాలిదా, ఛాతీదా, చేతిదా?

యాంకర్: బైపాస్ అనగానే అందరూ అనే మాట ఒకటే, కాల్లోంచి నరం తీసి గుండెకేశారట అని. అది నరమేనా డాక్టర్ గారూ?

సర్జన్: (నవ్వుతూ) కాదండి, సిర. వెయిన్. మేమూ పేషెంట్ల దగ్గర నరమనే అనేస్తాం, అలవాటైపోయింది. ఆ సిర తక్కువ ప్రెషర్‌కి అలవాటు పడింది, దాన్ని తెచ్చి ధమని, అంటే ఆర్టరీ, చేసే పనిలో పెడితే గోడ మందమెక్కి పదేళ్లకి సగానికి దగ్గర దగ్గరగా మూసుకుపోతాయి. అదే ఛాతీ ఎముక వెనకాల ఎడమ పక్కన దిగే ఆర్టరీ, మేం లిమా అంటాం, పదేళ్లకి నూటికి తొంభై పైనే తెరుచుకుని ఉంటాయి. పై కొస కదపం, కింద కొస మాత్రం కోసి గుండె ముందు వైపు దిగే ఎల్ఏడీ అనే ఆర్టరీకి కుడతాం.

కార్డియాలజిస్ట్: ఇది కొత్త సంగతేం కాదండి. లెనిన్‌గ్రాడ్‌లో కోలెసోవ్ అనే సర్జన్ 1964లోనే ఇలా కుట్టాడు. కానీ 1967లో క్లీవ్‌లాండ్‌లో ఫావలోరో కాలి సిరతో మొదలెట్టాక అందరూ అటే పోయారు, అది తీయడం తేలిక కదా. విచిత్రం ఏంటంటే మళ్ళీ అందర్నీ లిమా వైపు తిప్పిన 1986 పేపరు కూడా ఆ క్లీవ్‌లాండ్ నుంచే వచ్చింది.

యాంకర్: మరి అన్నీ ఆర్టరీలే వేసేస్తే పోలా మేడమ్?

కార్డియాలజిస్ట్: అక్కడే తేడా వస్తుంది. బ్లాక్ ఏ యాభై అరవై శాతమో ఉందనుకోండి, సొంత నాళంలో రక్తం బాగానే పోతుంటుంది, పక్కన కుట్టిన దాంట్లోకి ఎందుకొస్తుంది? నీళ్లు పారని కాలవ పూడినట్టు సన్నబడిపోతుంది. చేతి ఆర్టరీ, రేడియల్, దీనికి మరీ సున్నితం. గుండెకి ఎడమ వైపు నాళాల్లో కనీసం 70 శాతం బ్లాకుండాలి, కుడి వైపు నాళంలో అయితే 90 ఉంటే మంచిది. నన్నడిగితే ఏ నాళం అని కాదు, ఎక్కడ కుడుతున్నారు అని అడగాలి ముందు.

సర్జన్: రేడియల్ని ఒకసారి వదిలేశారు కూడానండి. 1970ల్లో కార్పెంటియర్ అనే ఫ్రెంచ్ సర్జన్ వాడి చూస్తే ముడుచుకుపోయేది, స్పాజం. చాలా ఏళ్ల తర్వాత ఆ పాత పేషెంట్లలో కొందరికి చూస్తే ఇంకా తెరుచుకునే ఉన్నాయి, దాంతో 1992 నుంచి మళ్ళీ ఊపందుకుంది. ఇప్పుడు స్పాజం రాకుండా మందు రాసి తీస్తాం, మాత్రలూ ఇస్తాం. 2018లో ఆరు ట్రయల్స్ కలిపి, వెయ్యి మంది పైన, లెక్కేస్తే సిర కన్నా రేడియలే బాగా నిలబడింది, హార్ట్ ఎటాక్‌లూ తగ్గాయి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: సార్, మా నాన్నగారికి షుగరు, బాగా లావు. ఛాతీలో రెండు పక్కలవీ వేయమంటే డాక్టరు గారు వద్దన్నారండి. ఎందుకు సార్?

సర్జన్: ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు బాబూ. ఛాతీ ఎముకకి రక్తం ఆ రెండింటి నుంచే ఎక్కువగా అందుతుంది, రెండూ తీసేస్తే షుగరున్నవాళ్లకి పుండు మానదు, ఎముక అతకదు. ఆర్ట్ అని 3,102 మందితో చేసిన ట్రయల్లో ఎముక దగ్గర సమస్యలు ఒకటి తీస్తే 1.9 శాతం, రెండూ తీస్తే 3.5. పదేళ్లకి బతికున్నవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాకపోతే రెండు పెట్టాల్సిన వాళ్లలో దాదాపు 14 శాతం మందికి ఒక్కటే పెట్టారు, అందుకే నేనింకా దాని మీద ఆశ వదులుకోలేదు.

కార్డియాలజిస్ట్: మీరు వదలరు లెండి.

యాంకర్: చేతిది తీసేస్తే మరి చెయ్యి?

సర్జన్: ఏదీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి. గట్టిగా పిడికిలి పట్టండి... (మణికట్టు రెండు పక్కలా నొక్కుతూ) ఇప్పుడు తెరవండి. తెల్లగా పాలిపోయింది కదా? చిటికెన వేలు వైపుది వదుల్తున్నా, చూడండి, ఎర్రబడింది. నాలుగైదు సెకన్లే. అంటే రెండోది ఒక్కటే చెయ్యంతా చూసుకోగలదు. మేం దీంతో సరిపెట్టుకోం, స్కాన్ కూడా చేస్తాం. డయాలసిస్ అవసరం పడేలా ఉన్నవాళ్లకి మాత్రం చేతిది ముట్టుకోం.

యాంకర్: నాకు యాంజియో ఈ చేతికే చేశారండీ పోయినేడు!

సర్జన్: కుడి చెయ్యా? అయితే అది పనికిరాదు, లోపల ట్యూబు రాసుకుని దెబ్బ తినుంటుంది. ఈ మేడమ్ వాళ్లు ముందే వాడేసుకుంటారు.

కార్డియాలజిస్ట్: ఎడమది మీకోసం ఉంచాం కదండీ!