డిస్క్ డాక్ రివ్యూ: డిస్క్ క్లీన్ అంటోంది, ఫోటో సగమే ఉంది

నమస్కారం అండీ, వైజాగ్ నుంచి. ఇదిగో, ఇదే ఆ యూఎస్‌బీ డిస్క్ డాక్, అంటే హార్డ్ డిస్క్‌ని పెట్టి కంప్యూటర్‌కి తగిలించే డబ్బా. కంపెనీ పేరు మీద టేపు నేనే అంటించాను, గొడవెందుకని.

గాజువాకలో మా బావగారికి ఫోటో స్టూడియో ఉంది. మొన్న గాలివానకి కరెంటు పోయేసరికి పెళ్లి ఫోటోలు దీంట్లోకి కాపీ అవుతున్నాయి. కరెంటొచ్చాక డిస్క్ మామూలుగానే తెరుచుకుంది. లినక్స్‌లో డిస్క్ తప్పులు వెతికే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే క్లీన్ అంది. ఫైలు సైజు కూడా సరిగ్గానే ఉంది. తెరిచి చూస్తే పెళ్లికూతురు బాసికం దాకా ఉంది, కింద అంతా బూడిదరంగు! కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయాం.

"జర్నల్ ఉందన్నావు కదరా?" అని బావగారు. ఉంది. పాత కొట్లలో చిట్టా ఉండేది చూడండి, జర్నల్ అలాంటిదే. కానీ ఈఎక్స్‌టీ4 (డిస్క్ మీద ఫైళ్లని సర్దే లినక్స్ పద్ధతి) మామూలుగా నడిచే ఆర్డర్డ్ మోడ్‌లో ఆ చిట్టాకెక్కేది ఫైలు పేరు, సైజు, ఏ బ్లాకుల్లో ఉందో ఆ వివరాలే. ఫోటో ముందు తన చోటికి చేరాలి, తర్వాతే చిట్టాలో కమిట్ (పద్దు పూర్తయిందన్న ముద్ర) పడాలి. ఈ వరస తప్పకూడదంటే డిస్క్ తన క్యాష్‌లో (కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలో) దాచుకున్నది నిజంగా రాసేయాలి. అందుకే లినక్స్ గుండెకాయ కెర్నల్, 'దాచుకున్నది రాసేయ్' అనే ఫ్లష్ ఆదేశం పంపిస్తుంది.

ఇప్పుడు కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ చూడండి. "నో క్యాషింగ్ మోడ్ పేజ్ ఫౌండ్", కింద "అజ్యూమింగ్ డ్రైవ్ క్యాష్: రైట్ త్రూ". డాక్‌లోని చిప్ క్యాష్ ఊసే ఎత్తలేదు. డిస్క్ ఏదీ దాచుకోదనుకుని కెర్నల్ ఫ్లష్‌లే మానేసింది. దొంగ దొరికాడు!

నమ్మకం కుదరక టెస్ట్ పెట్టాను. చిన్న స్క్రిప్ట్ డాక్‌లో ఒక అంకె రాసి, ఎఫ్‌సింక్ (డిస్క్‌లో పడిందని ఖాయం చేసుకునే పిలుపు) అయ్యాకే ల్యాప్‌టాప్ తెర మీద చూపిస్తుంది. మధ్యలో డాక్ అడాప్టర్ పీకేశాను. 10 సార్లలో 4 సార్లు, తెర మీద కనిపించిన అంకె డిస్క్‌లో లేదు.

తర్వాత కెర్నల్ సెట్టింగులుండే సిస్‌ఎఫ్‌ఎస్‌లో క్యాష్ టైప్‌ని "టెంపరరీ రైట్ బ్యాక్" అని మార్చాను, అంటే డిస్క్ దాచుకుంటుందని చెప్పి కెర్నల్ ఫ్లష్‌లు పంపేలా చేశాను. మళ్లీ 10 సార్లు పీకాను, ఒక్క అంకె కూడా పోలేదు. కాపీ కాస్త నెమ్మదించింది, ఫర్వాలేదు. డాక్ తీసి పెట్టిన ప్రతిసారీ ఇది పోతుంది, డాక్ తగిలించగానే దానంతటదే మార్చేలా యూడెవ్ రూల్ రాసుకోవాల్సిందే.

ఒక్క మాట, మీకూ ఇలా అయితే కంగారుపడి ఎఫ్‌ఎస్‌సీకే కొట్టేయకండి. ముందు డీడీరెస్క్యూ అనే టూల్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే అచ్చు నకలు, తీసుకోండి. రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా జర్నల్ రీప్లే అయి (చిట్టాలో మిగిలినవి మళ్లీ అమలై) డిస్క్ మీద రాతలు పడతాయి, మౌంట్‌కి నోలోడ్ అనే ఆప్షన్ ఇస్తేనే ఆగుతుంది.

డబ్బా గట్టిదే, వేడెక్కదు, 5కి 2 ఇస్తాను. బావగారు మాత్రం దీన్ని మళ్లీ స్టూడియో గడప తొక్కనివ్వనన్నారు.