ఫోన్‌కి వచ్చిన ఆ స్టాంపు నిజంగా స్మారక స్టాంపేనా?

నమస్కారం. ఆగస్టు నెల వచ్చిందంటే ఒక ఫొటో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఒక స్వాతంత్ర్య సమరయోధుడి బొమ్మ, దాని కింద "మన నాయకుడి పేరిట భారత ప్రభుత్వం స్టాంపు విడుదల చేసింది" అని ఒక మాట. చాలాసార్లు అది స్మారక స్టాంపు కాదు. ప్రత్యేక తపాలా కవరో, మై స్టాంపో అయి ఉంటుంది, అవేమిటో తర్వాత చెబుతాను. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తుంటే నాకు బాధేస్తుంది. స్టాంపు వచ్చేసిందని అందరూ అనుకుంటే, ఇంకా రాని నాయకుడి కోసం అడిగేవాళ్లు ఎవరుంటారు?

శుభలేఖతో పోల్చి చెబుతాను. స్మారక స్టాంపు శుభలేఖ లాంటిది. ఫలానా సందర్భం, ఫలానా తేదీ అని ఒకసారి అచ్చేస్తారు. అయిపోతే అయిపోయినట్టే, మళ్లీ వేయరు. పోస్టాఫీసులో రోజూ అమ్మే మామూలు స్టాంపుకి ఆ లెక్క లేదు, నిండుకున్నప్పుడల్లా మళ్లీ అచ్చేస్తారు. దాన్ని డెఫినిటివ్ స్టాంపు అంటారు. గాంధీజీ, నేతాజీ, భగత్ సింగ్ వీటి మీద కూడా ఉన్నారు. కాబట్టి బొమ్మ ఎవరిదో చూసి స్టాంపు రకం తేల్చలేం.

[స్క్రీన్ మీద: 1948 గాంధీ స్టాంపులు నాలుగూ]

నాకు అన్నిటికంటే ఇష్టమైన స్టాంపులు ఇవి. 1948 జనవరిలో, గాంధీజీ బతికుండగానే వీటి ఆలోచన మొదలైంది. అక్టోబరులో ఆయన 80వ ఏట అడుగుపెడతారు, ఆ పుట్టినరోజుకి తేవాలనుకున్నారు. జనవరి 30న ఆయన్ని చంపేశారు. శుభలేఖ తయారవుతుండగానే సందర్భం మారిపోయింది. చివరికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజున, 1948 ఆగస్టు 15న విడుదల చేశారు. దగ్గరగా చూడండి. "బాపూ" అని హిందీలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి ఉంటుంది. దేశం రెండు ముక్కలై ఏడాదే అయింది, ఆ గాయాలింకా మానలేదు. అప్పుడు ఆ రెండు లిపులూ ఒకే స్టాంపు మీద ఉండటం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

విలువలు అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు, 10 రూపాయలు. రూపాయికి 16 అణాలు కదా, అంటే 10 రూపాయల స్టాంపు ఒక్కటి కొనే డబ్బుతో అణాన్నర స్టాంపులు 106 వస్తాయి. మామూలు ఇంట్లో ఎవరు కొంటారు చెప్పండి? బాపూ పేరిట వేసిన స్టాంపుకి అంత ధర పెట్టకుండా ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి. స్వదేశీ కోసం జీవితమంతా పోరాడిన మనిషి స్టాంపుల్ని స్విట్జర్లాండ్‌లో, కూర్వాజియే అనే సంస్థ దగ్గర అచ్చు వేయించారు. ఫొటోలోని వెలుగునీడలు చెదరకుండా ముద్రించే ఫోటోగ్రావ్యూర్ పద్ధతి అప్పటికి మన నాసిక్ ముద్రణాలయంలో లేదు. 1952లో కబీర్, మీరా, తులసీదాస్ వాళ్ల స్టాంపులతో అది మన దగ్గర మొదలైంది. నాలుగేళ్ల తేడా అంతే. కొంత ఆగి ఉంటే బాగుండేదన్న వాదనా ఉంది. బాపూ ముఖం ఆ స్టాంపు మీద ఎంత సజీవంగా ఉందో చూశాక నేను ఆ వాదనకి ఒప్పుకోలేను.

ఇదే 10 రూపాయల స్టాంపు మీద, ప్రభుత్వ ఉత్తరాలకని తెలిసేలా "సర్వీస్" అని అదనంగా అచ్చు కొట్టి, గవర్నర్ జనరల్ కార్యాలయం కోసం 100 మాత్రమే చేశారు. లక్షలు, కోట్లు పలుకుతాయని మీరు వినేది వాటి గురించి. ఇంట్లో పాత స్టాంపు దొరికింది కదా అని టెన్షన్ పడి ఎవరికీ అమ్మేయకండి, నిదానంగా తెలిసినవాళ్లకి చూపించండి.

హైదరాబాద్ సంస్థానం సంగతి కూడా చెప్పాలి. ఈ గాంధీ స్టాంపులు విడుదలైన 1948 ఆగస్టు 15 నాటికి అది భారత్‌లో కలవలేదు, అక్కడ నిజాం సర్కారు సొంత స్టాంపులు నడుస్తున్నాయి. దాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య ఆ సెప్టెంబరులో జరిగింది.

సరే, ఇప్పుడు ఫోన్లో వచ్చిన ఫొటో దగ్గరికి వద్దాం. ప్రత్యేక కవరంటే, శుభలేఖ లేకుండా దాని కవరు మాత్రమే ఉన్నట్టు. నాయకుడి బొమ్మ కవరు మీద ఉంటుంది, ప్రత్యేకంగా చేయించిన ముద్ర ఉంటుంది. కానీ మూలన అంటించిన స్టాంపు వేరే దేనిదైనా కావచ్చు. అమృత్ మహోత్సవాల్లో ఇలాంటి కవర్లు చాలా వచ్చాయి, మంచి పనే. మై స్టాంప్ అంటే, ముందే వేసి ఉంచిన కార్డులో మన పేరు రాయించుకున్నట్టు. స్టాంపు పక్కన మనమిచ్చిన ఫొటో ముద్రిస్తారు. 2011లో ఇది మొదలైనప్పుడు 12 స్టాంపుల షీటు 300 రూపాయలు. ఫొటో ఎవరైనా ఇవ్వొచ్చు, అందులో ప్రభుత్వ నిర్ణయమంటూ ఏమీ లేదు.

అదే అల్లూరి సీతారామరాజుకి 1986లో, టంగుటూరి ప్రకాశం పంతులుకి 1972లో, దుర్గాబాయ్ దేశ్‌ముఖ్‌కి 1982లో, పొట్టి శ్రీరాములుకి 2000లో వచ్చినవి అసలు స్మారక స్టాంపులు. అలాంటిది రావాలంటే ప్రతిపాదన వెళ్లాలి, స్టాంపుల విషయంలో సలహాలిచ్చే ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ పరిశీలించాలి, ఆపైన ఆమోదం రావాలి.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బతికున్నవాళ్లకి సాధారణంగా వేయరు, మినహాయింపులున్నాయి. 1962లో రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతి పదవి నుంచి దిగినప్పుడు ఆయనకి వేశారు. స్మారక స్టాంపుని ఉత్తరానికి అంటించుకోవచ్చు, అది చెల్లుతుంది. కొనాలంటే పెద్ద పోస్టాఫీసుల్లో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉండే ఫిలాటెలిక్ బ్యూరోలో అడగండి, హైదరాబాద్‌లో అయితే అబిడ్స్ జీపీఓ. 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే పంపిస్తారు. ఈసారి అలాంటి ఫొటో వస్తే, నాయకుడి బొమ్మ, "భారత్" అన్న పేరు, రూపాయల విలువ మూడూ ఒకే స్టాంపులో ఉన్నాయో లేదో ముందు చూడండి. ఉంటే, ఏ సందర్భానికి వేశారో కూడా కనుక్కుని అప్పుడు నలుగురికీ పంపండి.